పొంగని డబల్ రొట్టెలు

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు కొత్తగా కొన్న బ్రెడ్డు మిషను మూత తీసి, లోపల ఇటుకలా బిగుసుకుపోయిన రొట్టెను చూసి నిట్టూర్చింది. వరుసగా అది మూడోది. మొదటిదానికి నీళ్లెక్కువయ్యాయనుకుంది, రెండోదానికి ఉప్పు తగ్గించింది, మూడోదానికి పిండే మార్చింది. పక్కన చాయ్ తాగుతున్న మా అబ్బాయి నవ్వుతూ, "నీ చెయ్యే మంచిది కాదేమో" అన్నాడు. వాడు హాస్యానికే అన్నాడు, ఆ పిల్లా నవ్వేసింది. నేను మాత్రం లేచి, గోరువెచ్చని నీళ్లలో చెంచాడు చక్కెర కలిపి, ఆమె వాడుతున్న ఈస్టు అందులో వేసి చూపించాను. పది నిమిషాలైనా నురగ రాలేదు. ఈస్టు చచ్చిపోయిందమ్మా, నీ తప్పేం లేదు అని చెప్పి నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఇంత చిన్న మాట చెప్పడానికి ఒకప్పుడు నాకు నోరు రాలేదు. నా ఈడు వాళ్లందరికీ మింగుడుపడనిది ఒకటైనా ఉంటుందని నమ్మి మీతో చెప్పుకుంటున్నాను.

ఎనభైల్లో నా మొదటి ఉద్యోగం మక్తల్‌లో, ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా. పాలమూరులో పుట్టి పెరిగిన నాకు అదే మొదటిసారి ఇల్లు విడిచి ఉండటం. పిన్ని అనే అర్థంలో ఊరంతా ఖాలా అని పిలిచే ఒక పెద్దామె ఇంట్లో ముందు గది కిరాయికి దొరికింది. భర్త పోయాక ఆమె వాకిట్లో మట్టి బట్టీ కట్టించుకుని డబల్ రొట్టెలు కాల్చి, ఊళ్లో దవాఖానకూ రెండు మూడు చాయ్ హోటళ్లకూ పంపుతూ కొడుకును పెంచి పెద్ద చేసింది. తెల్లవారి నేను కళ్లు తెరిచేసరికి ఆ కమ్మని వాసన కిటికీలోంచి వచ్చి గదంతా నిండి ఉండేది. మొదటి రొట్టె తుంచి నా చేతిలో పెట్టందే ఆమె గంప బయటికి పంపేది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఖాలా కొడుక్కి పెళ్లయింది. కోడలిది నారాయణపేట. సన్నగా ఉన్నా మంచి బలమైన చేతులు. అప్పటికే ఖాలాకు మణికట్ల నొప్పులు, పిండి పిసకడం కష్టమవుతున్నది. కోడలు తానే ముందుకొచ్చి పిండి కలిపే పరాతు ముందు కూర్చుంటే, ఖాలా నా వైపు తిరిగి, "ఇగ నా చేతులకు సెలవు బిడ్డా" అన్నది మురిపెంగా.

రొట్టెలకు వేసే ఈస్టును వాళ్లు ఖమీర్ అనేవాళ్లు. అది మక్తల్‌లో దొరకదు గనుక, శనివారాలు మా ఇంటికి పోయినప్పుడు పాలమూరు నుంచి ఆ డబ్బా తెచ్చిపెట్టే పని నాది. వేడి తగలనియ్యొద్దని దుకాణమాయన ప్రతిసారీ చెప్పేవాడు. ఒంటిపూట బడుల రోజులవి. ఆ ఆదివారం నేను స్నేహితురాళ్లతో మాట్నీకి పోయి, ఆలస్యంగా కిక్కిరిసిన బస్సెక్కి, సంచీని డ్రైవరు పక్కనున్న ఇంజను బానెట్ మీద పెట్టి, చూసిన సినిమా నెమరువేసుకుంటూ నిలబడ్డాను. దేవరకద్ర దాటాక సీటు దొరికింది, కానీ సంచీ సంగతి గుర్తుకు రాలేదు. మక్తల్‌లో దిగేటప్పుడు డబ్బా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. చల్లారితే అదే బాగుంటుందిలే అనుకుని ఖాలాకు ఇచ్చేశాను.

మర్నాడు కోడలు కలిపిన పిండి పొంగలేదు. గొంగడి కప్పారు, బట్టీ దగ్గరికి జరిపారు, అయినా లేవలేదు. అట్లాగే కాలిస్తే గట్టి ముద్దలయ్యాయి. రెండో రోజు నల్లా నీళ్లు మానేసి బావి నీళ్లు తెచ్చారు. మూడో రోజు కొత్త మైదా బస్తా విప్పారు. చక్కెర పెంచారు, ఉప్పు తగ్గించారు. నాలుగో రోజు దవాఖాన నుంచి గంప గంపంతా తిరిగొచ్చింది, రోగులకు ఇవి పెట్టలేమని, ఇట్లాగే ఉంటే వేరేచోట తెప్పించుకుంటామని. ఖాలా గుమ్మంలో కూలబడి నన్ను అడిగింది.

"ఖమీర్ మంచిదేనా బిడ్డా?"

"సీలుతోనే ఉండె గదా ఖాలా" అన్నాను. సీలు ఉన్నమాట నిజమే.

అప్పుడే పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "కొత్త కోడలు చెయ్యి వెట్టినప్పటి సంది గదా గిట్లయితున్నది" అన్నది. ఖాలా ఆ గంపను లోపలికి లాక్కుపోయింది. ఆ సాయంత్రం నుంచి కోడల్ని పరాతు దగ్గరికి రానివ్వలేదు.

నేను గదిలోకి పోయి తలుపు వేసుకుని చక్కెర నీళ్లలో ఆ ఖమీర్ వేసి చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఆ రోజు నేను బయటికొచ్చి నిజం చెబితే ఏమయ్యేది? ఖాలా రెండు మాటలనేది, అంతే. కానీ సైన్సు టీచరమ్మ సినిమాకు పోయి ఖమీర్ చంపుకొచ్చిందని ఊరు నవ్వుతుందని భయపడ్డాను. మర్నాడు బట్టీ వెలిగించలేదు. నేను బడికి సెలవు పెట్టి పాలమూరు పోయి కొత్త డబ్బా తెచ్చి, సీలు తీసి పాతదాని చోట పెట్టి, పాతదాన్ని ఎవరూ చూడకుండా పారేశాను. దాంతో లోకమంతా చక్కబడుతుందనుకున్నాను. ఆ మరునాడు ఖాలా నొప్పి చేతులతోనే తాను పిసికింది. రొట్టెలు బట్టీలో నిండుగా పొంగాయి. పక్కింటామె మాటే నిజమని ఇంటిల్లిపాదీ నమ్మారు. నేను తెచ్చిన ఆ కొత్త డబ్బానే ఆ పిల్లకు శిక్ష ఖాయం చేసింది.

ఆ తర్వాత ఆమెను తొక్కులు పెట్టనివ్వలేదు, పెళ్లిళ్లలో పిండివంటలకు పిలవలేదు. ఒక మధ్యాహ్నం ఆమె నా గుమ్మం దగ్గరికి వచ్చి, రెండు చేతులూ చాపి అడిగింది.

"టీచరమ్మా, మీరు సదువుకున్నోళ్లు. మనిషి చేతుల దోషముంటదా?"

"అట్లాంటివి నమ్మొద్దు" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె చేతులు కొంగులో దాచుకుని వెళ్లిపోయింది. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది.

మళ్లీ ఆ గడప తొక్కడానికి పన్నెండేళ్లు పట్టింది. తొంభైల చివర్లో పరీక్షల డ్యూటీ మీద మక్తల్ పోయినప్పుడు ధైర్యం చేశాను. ఖాలా చేతులు పూర్తిగా పట్టుకుపోయాక పిసికేవాళ్లు లేక బట్టీ తీసేశారట, ఆ జాగాలో నీళ్ల తొట్టి ఉంది. ఖాలా మంచం పట్టింది, చెవులు సరిగా వినపడవు. చాయ్ పెడుతున్న కోడలి దగ్గర కూర్చుని మెల్లగా అంతా చెప్పాను. ఆమె పొయ్యి ఆర్పేసింది.

"నా బిడ్డను గూడ పిండి ముట్టనియ్యలే నేను. నా చెయ్యే దానికి వచ్చిందేమోనని" అన్నది. తర్వాత లేచి నిలబడి, "నాకు కాదు, అమ్మీకి చెప్పుండ్రి" అన్నది అత్త మంచం వైపు చూపిస్తూ.

ఖాలా మంచం పక్కన కూర్చుని చెప్పాను. వినపడక మళ్లీ చెప్పమన్నది. గట్టిగా చెప్పాను. ఇంకోసారి అడిగింది. గోడ అవతలికి వినిపించేంత గట్టిగా మూడోసారి చెప్పాను. ఖాలా కోడలి చెయ్యి అందుకుని తన కళ్లకు అద్దుకున్నది. "నువ్వు దాచినవు. నేను పక్కింటి మాట ఇన్న" అన్నది నాతో. తిట్టి ఉంటే బాగుండేది.

కోడలు వాకిట్లో ఆడుకుంటున్న బిడ్డను పిలిచింది. చేతులు కడుక్కుని రమ్మని, ఆ పూట పెనం మీది రొట్టెలకు పిండి కలపమన్నది. ఆ పిల్ల నమ్మలేనట్టు తల్లి మొహం చూసి నల్లా వైపు పరుగెత్తింది. నన్ను మాత్రం తిని పొమ్మని ఎవరూ అనలేదు.

ఇప్పుడా ఊళ్లో డబల్ రొట్టె అన్న మాటే పిల్లలకు తెలియదట. అన్నీ కవర్లలో, తేదీ ముద్రతో దుకాణాలకు వస్తున్నాయి. చెడిపోతే ఎందుకు చెడిందో చదివి తెలుసుకోవచ్చు. మా కాలంలో ఇంట్లో చెడిన ప్రతిదానికీ ఒక ఆడపిల్ల చెయ్యి దొరికేది, తెలిసినవాళ్లు నాలాగా పరువు చూసుకుని ఊరుకునేవాళ్లు. ఈస్టుకు ప్రాణముంటుందని ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద రాసి పిల్లలకు చెప్పాను. చెప్పవలసిన ఆ ఒక్క ఇంట్లో చెప్పేసరికి, అక్కడ కాల్చడానికి బట్టీ లేదు.