రెండు పేపర్ల జబ్బు

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర, ఇంజనీరింగ్ ప్యాసైనవాడికి రాని విద్య ఉంటుందని నేను నమ్మేవాణ్ణి కాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి యూనివర్సిటీ మెకానికల్ డిపార్టుమెంటులో టెంపరరీ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. (ఇంటికి రాసే ఉత్తరాల్లో ‘టెంపరరీ’ అన్న మాట ఉండేది కాదు.) ఏడాది కావొస్తోంది, ఆ నెలాఖరుకి నా గడువు సరి. ఇంకో ఏడాది ఉంచమని పైకి రాయవలసింది మా హెడ్డుగారు. సరిగ్గా అప్పుడే ఆయన తన కారిచ్చి, వాళ్ళ అత్తగారిని మౌలాలిలో దింపి రమ్మన్నారు. దింపాను. తిరిగొస్తుంటే లాలాపేట్ దగ్గర గేదె అడ్డమొచ్చింది. దాన్ని తప్పించబోయి రోడ్డువారనున్న రాయికి కారు ముందు భాగం తగిలించాను. దిగి చూస్తే సొట్ట లేదు, చూసినవాడూ లేడు. గేదె సాక్ష్యం చెప్పదు కదా అనుకుని, కారు అప్పగించి నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే హెడ్డుగారి నుంచి కబురు. కారు కింద నీళ్ళ మడుగు. స్టార్టు చేస్తే చెవులు చిల్లులు పడే కీచు మోత. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం ఆ మడుగులో కలిసిపోయిందనే అనుకున్నాను. హెడ్డుగారేమో కారును సిలబస్ ప్రకారం పంచారు. నేను హీట్ ఇంజన్ల ల్యాబు చూసేవాణ్ణి గనుక నీళ్ళు కారడం నాకు. విద్యానగర్లో నా గదిలోనే ఉండే మిత్రుడు యంత్రాల థియరీ చెప్పేవాడు గనుక బెల్టూ పుల్లీ అతనికి. ఒకరి పేపర్లో ఒకరు వేలు పెట్టకూడదన్నది మా డిపార్టుమెంటు మర్యాద. రేడియేటరంతా తడిసి ఉండటం చూసి, ఇంకేముంది, రాయి దెబ్బకే చిల్లు పడిందని తేల్చుకున్నాను. చిల్లు కనపడక, ఎక్కడున్నా పూడుతుందని అంతటా బట్టల సబ్బు పులిమాను. మిత్రుడు కాగితం నిండా లెక్కలు వేసి బెల్టు బిగించాడు. మధ్యాహ్నానికి మోత రెట్టింపైంది, నీళ్ళతోపాటు నురగా వచ్చింది.

చివరికి తార్నాక నుంచి మెకానిక్కును పిలిపించారు. అందరూ ఉస్తాదనే పిలిచేవారు. బడి మొహం చూడని మనిషి. మా ఇద్దరి ఉపన్యాసాలూ ఓపిగ్గా విని, ఇంజనాపించి, ఫ్యాను వెనకాల పుల్లీ పట్టుకుని కదిపాడు. కదిలే పన్నులా ఊగింది.

“సార్, ఇవి రెండు బీమార్లు కావు, ఒక్కటే,” అన్నాడు. “నీళ్ళ పంపు ఖరాబయింది. గీ పుల్లీ గా పంపు మీదనే ఉన్నది. సీలు అరిగి నీళ్ళు కారుతున్నయి, గవే నీళ్ళు బేరింగులకు పోయి అది అరిగింది, గందుకే పుల్లీ ఊగి కీచుమంటున్నది. కారిన నీళ్ళను ఫ్యాను రేడియేటరు మీదికి కొడుతున్నది, గంతే.”

ఇప్పుడే ఎందుకు పాడైందని హెడ్డుగారు అడిగారు. ఉస్తాద్ పంపు కింద గోకి గోధుమరంగు చార చూపించాడు. “ఇప్పుడు కాదు సార్. గీ తుప్పు చూడుండ్రి, ఆర్నెల్ల సంది కారుతున్నది.”

నా గుండెల మీంచి బండ దిగిపోయింది. ఆ ఆనందంలో ఒళ్ళు మరిచి, “అయితే నేను రాయికి తగిలించినందుకు కాదన్నమాట!” అనేశాను.

ఉస్తాద్ తల దించేసుకున్నాడు. మిత్రుడు లెక్కల కాగితం మడతపెట్టాడు.

“ఏ రాయయ్యా?” అన్నారు హెడ్డుగారు.

ఇక దాచేదేముంది? గేదెతో సహా అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఒక్కటే అడిగారు. “మా అత్తగారు దిగాకా, దిగకముందా?”

“దిగాకే సార్.”

“అలాగైతే సరే,” అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ వారంలోనే నన్నింకో ఏడాది ఉంచమని రాశారు. ఆ కబురు విని ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పలేను.

తర్వాత నేనూ హెడ్డునయ్యాను, రిటైరూ అయ్యాను. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. ఎవరూ అడక్కముందే నిజం చెప్పేశాడు వెర్రివాడు. నాకిప్పుడు అడిగినా అంత తేలిగ్గా నోరు పెగలదు.