రాదంటే నువ్వుండ

మా లక్ష్మీకాంత్ సారుకి ఒక్కటే పిచ్చి. ఎదుట కనబడ్డ మనిషి చేత ‘నాకు రాదు’ అనిపించాలి. అనేదాకా వదలరు. అనగానే చప్పట్లు కొట్టి, జేబులోంచి కాగితంలో చుట్టిన నువ్వుండ తీసి చేతిలో పెడతారు. ఎందుకు పెట్టారో చెప్పరు. పుచ్చుకున్నవాళ్ళు అయోమయంగా దాన్ని నములుతూ ఇంటికి పోతారు.

ఆయన పిల్లల సైకాలజిస్టు. విజయవాడ సూర్యారావుపేటలో ఓ మందుల షాపు పైన ఆయన క్లినిక్. మాట రాని పిల్లలు, మాట ఆగని పిల్లలు, అక్షరాలు పట్టుబడని పిల్లలు, కుదురుగా కూర్చోలేని పిల్లలు వస్తుంటారు. సార్ దగ్గర పెట్టెలు ఉంటాయి. వాటిలో చెక్క దిమ్మలు, బొమ్మల అట్టలు, పూసలు, ప్రశ్నల పుస్తకాలు. వాటితో ఆడించి, అడిగి, పిల్లవాడి ఎదుగుదల ఎక్కడుందో, ఎక్కడ ఏ సాయం కావాలో రాసిస్తారు. నేను ఫౌజియాని, అక్కడ రిసెప్షనిస్టుని. రోజూ పొద్దున సార్ ఈల పాట వేసుకుంటూ మెట్లెక్కుతారు. అంత తియ్యటి ఈల నేను రేడియోలో కూడా వినలేదు. నాకు మాత్రం అది ఫోను సొరుగులో దాచేయమని హెచ్చరిక.

ఇక్కడికి రాకముందు ఓ ఇంటర్ కాలేజీలో అడ్మిషన్ల కౌంటర్ దగ్గర పనిచేశాను. అక్కడ ‘రాదు’ అన్న మాట నిషిద్ధం. మీ దగ్గర చేర్పిస్తే మావాడికి సీటు వస్తుందా అని అడిగితే, వస్తుంది. ర్యాంకు వస్తుందా, వస్తుంది. హాస్టల్లో గాలి వస్తుందా, అదీ వస్తుంది. సార్ దగ్గరికి ఇంటర్వ్యూకి ఆ నోటితోనే వెళ్ళాను.

“కంప్యూటర్ వచ్చామ్మా?”

“వచ్చు సార్.”

“వీణ?”

“నేర్చుకుంటాను సార్.”

“విమానం నడపడం?”

“అవకాశం ఇస్తే చేస్తాను సార్.”

“చైనా భాష?”

“సబ్‌టైటిల్స్ ఉంటే మేనేజ్ చేస్తాను సార్.”

ఆయన మొహం వాడిపోయింది. ఏనుగుకి స్నానం చేయించడం, గడియారం విప్పి బిగించడం, సన్నాయి, కత్తిసాము, ఒక్కోటీ అడుగుతూ పోయారు. చివరికి నాకు ఏడుపొచ్చింది. “రాదండీ బాబూ! నాకేమీ రాదు!” అని లేచిపోయాను. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేసి, “ఉద్యోగం మీదే!” అని నువ్వుండ చేతిలో పెట్టారు. ఇంటికెళ్ళి మా ఆయన మునీర్‌కి చెప్తే, “జీతం కూడా నువ్వుండలేనా? కనుక్కున్నావా?” అన్నారు.

చేరిన కొత్తలో ఇంకో తలనొప్పి. సార్ లోపల పరీక్ష చేస్తూ చేస్తూ తలుపు సందులోంచి తొంగి చూసి, “ఇంకా రాదు రాలేదమ్మా” అనేవారు. నేను అపాయింట్‌మెంట్ల పుస్తకమంతా వెతికాను. రాధ అనే పాప ఎవరూ లేదు. ఒకరోజు “రాధ వాళ్ళ నంబరుంటే ఇవ్వండి సార్, ఫోన్ చేస్తాను” అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, “రాదుకి నంబరుండదమ్మా, దానంతటది రావాలి” అని తలుపేసుకున్నారు. రానిది రావడమేమిటో, వస్తే అది రాదు ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. అడిగితే ఏమవుతుందో అని అడగలేదు.

బస్టాండులో అయితే పరువు పోయింది. ఓసారి పామర్రులో పిల్లల క్యాంపుకి వెళ్ళాల్సి వచ్చింది. నేను ఎంక్వైరీ కౌంటర్లో అడిగాను.

“పామర్రు ఎక్స్‌ప్రెస్ ఇప్పుడొస్తుందాండీ?”

“రాదు.”

నా వెనక చప్పట్లు వినిపించాయి. “అబ్బ! ఎంత చక్కగా, ఎంత ధైర్యంగా అన్నారండీ!” అంటూ సార్ చిల్లర పెట్టే కంతలోంచి నువ్వుండ లోపలికి తోశారు. కౌంటర్లో మనిషి దాన్నీ, సార్‌నీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. “లంచం తీసుకోనండీ. తీసుకున్నా బస్సు రాదు” అన్నాడు. సార్ ఇంకోటి తోశారు.

ఇంట్లో ఎలా వేగుతున్నారో అని ఓసారి సార్ భార్య రామతులసి గారిని అడిగాను. ఆవిడ నవ్వేశారు. “పెళ్ళిచూపుల్లో పాట వచ్చా అన్నారమ్మా. వచ్చన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నారు. కుట్టు వచ్చా అన్నారు. వచ్చన్నాను. లేచి వెళ్ళిపోతారనుకున్నా. వంట వచ్చా అన్నారు. రాదన్నాను. అక్కడికక్కడే ముహూర్తం పెట్టించేశారు.”

“తర్వాత నేర్చుకున్నారా మేడమ్?”

“ఎందుకమ్మా? ఆయనే వండుతారు. రాదన్నందుకు నాకు జరిగిన మేలు అదే.”

హాల్లో కూర్చున్న పెద్దవాళ్ళకైతే రోజూ ఈ పరీక్ష తప్పేది కాదు. పిల్లల్ని పిలిచేముందు సార్ బయటికొచ్చి వాళ్ళ నాన్నల్నీ, అమ్మమ్మల్నీ పట్టుకునేవారు. బ్యాంకు మేనేజరు గారి చేత వజ్రం బొమ్మ గీయించేవారు. అది బూరెలాగా వచ్చేది. లెక్చరర్ గారి చేత అంకెలు వెనక్కి చెప్పించేవారు. “రాదు సార్” అని ఆయన తల పట్టుకోగానే హాలంతా వినపడేట్టు చప్పట్లు, నువ్వుండ. ఇంత చదువుకున్న మనుషుల్ని వాళ్ళ పిల్లల ముందు ఇలా నగుబాటు చేయడం ఏం పద్ధతని నేను లోపల్లోపల గొణుక్కునేదాన్ని.

అలాంటి హాల్లోకి ఓ శనివారం పామర్రు నుంచి బసవయ్య గారు దిగారు. వెంట కోడలు సుస్మిత, రెండో తరగతి చదివే మనవడు కిరీటి. వాడికి అక్షరాలు పట్టుబడటం లేదు. పరీక్ష చేయించి సోమవారానికల్లా రిపోర్టు తెమ్మన్నారట స్కూల్లో. ఇబ్బంది ఉందని తేలితే విడిగా కూర్చోబెట్టి చెప్తారు. లేదంటే వాడిది ఒట్టి బద్ధకమేనని ఒకటో తరగతిలోకి దించేస్తారు. అక్కడ ఉన్నది వాడి చెల్లెలు అక్షయ. చెల్లెలి పక్కన కూర్చోవాలన్న మాట విన్నప్పటి నుంచీ పిల్లాడు అన్నం సరిగా తినడం లేదని సుస్మిత నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

బసవయ్య గారు మాత్రం మంచి హుషారుగా ఉన్నారు. బల్ల మీదికి వంగి, “అమ్మాయ్, నెగెటివ్ మార్కులున్నాయా?” అన్నారు.

“ఇది ఆ పరీక్ష కాదండీ.”

“ఏదైతేనేం, మావోడికి మొత్తం వచ్చు. హనుమాన్ జంక్షన్లో మా వియ్యంకుడి మనవరాలు ఇక్కడే రాసింది. ఏం అడుగుతారో అన్నీ కనుక్కున్నా. నెల నుంచీ కోచింగిస్తున్నా. వందకి వంద!”

నేను ఇంటర్ కాలేజీలో చాలామందిని చూశాను గానీ, ఎదుగుదల పరీక్షకి పేపరు లీకు చేసిన తాతని చూడటం అదే మొదలు.

లోపల ఏం జరిగిందో తలుపు సందులోంచి చూశాను. సార్ బొమ్మల అట్ట ఎత్తకముందే కిరీటి అందుకున్నాడు. “కత్తెర సార్. గుడ్డలు కత్తిరించడానికి సార్.” అట్ట మీద ఉన్నది గొడుగు. రెండో అట్ట ఎత్తారు. “తాళంచెవి సార్.” అది ఆవు. సార్ అట్టల వరస మార్చారు, పిల్లాడి వరస మారలేదు. సార్ అట్టలు పక్కనపెట్టి నెమ్మదిగా అడిగారు.

“కిరీటీ, గుండె ఆపరేషన్ చేయడం వచ్చా?”

“వచ్చు సార్.”

“ఎలా?”

“రోజూ ప్రాక్టీస్ చెయ్యాలి సార్.”

వాడి పిడికిళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. సార్ తలుపు తీసి నాతో, “రాదు రాలేదమ్మా, వచ్చేట్టు లేదు” అన్నారు. ఆయన గొంతు అంత దిగులుగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడు వివరంగా చెప్పారు. ఈ పరీక్షలో పిల్లలకి వచ్చిన దగ్గర ఆపరట. చిన్న ప్రశ్నల నుంచి పెద్దవాటికి ఎక్కుతూ పోయి, రాదు, రాదు, రాదు అని వరసగా అన్నచోట ఆపుతారట. సాయం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చోటే చెప్తుంది. “కంఠస్థం చేసినవాటిని ఏ పెట్టే కొలవలేదమ్మా. నా దగ్గర వేరే పెట్టె ఉంది. కానీ వీడు రాదు అనకపోతే అదీ దండగే. ఇలాగే రాసిస్తే అంతా బాగుంది, బద్ధకమే అంటారు.”

సుస్మిత కుర్చీలో కూలబడింది. బసవయ్య గారు మీసం దువ్వుతున్నారు. “ఎంతండీ? వందేనా?”

సార్ ఆయన వైపు తిరిగి, “మీకు పెట్టలేదు కదండీ పరీక్ష. రండి” అని హాలు మధ్యలో కుర్చీ వేశారు. పెద్దాయన ఒంటికాలి మీద నిలబడ్డారు. అంకెలు వెనక్కి గడగడా చెప్పేశారు. పుట్టి ధాన్యం ధర చెప్తే బస్తాకెంతో నోటితోనే తేల్చేశారు. సార్‌కి చెమటలు పడుతున్నాయి. ఏదీ తోచక బల్ల మీది పేపరు తీసిచ్చి, “ఈ పెద్దక్షరాలు చదవండి” అన్నారు.

బసవయ్య గారు పేపరు దగ్గరగా పెట్టుకున్నారు. దూరంగా పెట్టుకున్నారు. “కళ్ళజోడు తేలేదండీ” అన్నారు.

సాయం చేద్దామని నేను, “జేబులో ఉంది కదండీ తాతగారూ” అన్నాను.

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. ఏం తప్పన్నానో నాకు తెలియలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసేశారు.

“రాదండీ” అన్నారు. “చదవడం రాదు. అక్షరాలు నిలబడవు. కాలవలో చేపపిల్లల్లాగా జారిపోతయ్. మా మాస్టారు కొట్టని దెబ్బ లేదు. మొద్దు వెధవ, ఒళ్ళు బద్ధకం అనేవాడు. మూడోక్లాసులో మానేశా. ఈణ్ణి ఎవడూ ఆ మాట అనకూడదనే ఇదంతా చేశా.”

సుస్మిత తెల్లబోయి చూసింది. “రోజూ పేపరు నాచేత చదివించుకునేది అందుకా మావయ్యగారూ? నా గొంతు బాగుంటుందన్నారు!”

“బాగానే ఉంటదమ్మా. అదీ నిజమే.”

లోపలి గది గుమ్మంలో కిరీటి నిలబడి ఉన్నాడు. “తాతా, నీకూ రాదా?”

“రాదురా.”

“నాకూ రాదు!” అని అరిచాడు వాడు. సినిమా టికెట్టు దొరికినంత సంబరంగా అరిచాడు. “ప, వ, ష ఒకలాగే ఉంటయ్! మ రాదు, య రాదు! ఇంగ్లీషులో బీ రాదు, డీ రాదు!” ఇంకా ఏమేం రావో చెప్పుకుంటూ పోతుంటే సార్ చప్పట్లు ఆపలేదు. హాల్లో మిగతావాళ్ళూ కొట్టారు. ఎందుకు కొడుతున్నానో తెలియకుండానే నేనూ కొట్టాను. తాతకొకటి, మనవడికొకటి నువ్వుండ దక్కింది.

ఆ రెండో పెట్టెతో మధ్యాహ్నమంతా పరీక్ష జరిగింది. రాదు బ్రహ్మాండంగా వచ్చింది. సాయంత్రానికి సార్ రిపోర్టు చేతికిచ్చారు. “బొమ్మలు పేర్చడంలో, లెక్కల్లో వీడు తన కంటే పెద్దపిల్లలతో సమానం. చదవడం దగ్గరే ఇబ్బంది, దీన్ని డిస్లెక్సియా అంటారు. ఇది బద్ధకం కాదు. ఆ మాట పెద్దక్షరాలతో రాశాను. నేర్పే పద్ధతి వేరే ఉంది. చెల్లెలి పక్కన కూర్చోబెట్టాల్సిన పని లేదు.”

బసవయ్య గారు రిపోర్టుని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశారు. “ఇది తాతల నుంచి దిగుతుందాండీ?”

“దిగొచ్చండీ.”

“అంటే నాదీ బద్ధకం కాదా?”

“మీరొకరోజు వస్తే సరిగ్గా చూసి చెప్తాను. కానీ ఇందాక మీరు ధాన్యం లెక్క కట్టింది చూశాక, బద్ధకమంటే నేనొప్పుకోను.”

పెద్దాయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. “మా మాస్టారు పోయాడండీ. లేకపోతే సోమవారం స్కూలు కంటే ముందు ఆయనింటికే వెళ్ళేవాణ్ణి.”

అప్పుడు వెలిగింది నాకు. బ్యాంకు మేనేజర్ల చేతా లెక్చరర్ల చేతా అందరిముందు రాదనిపించడం వాళ్ళని ఏడిపించడానికి కాదు. రాదంటే దెబ్బలే పడతాయనుకునే ఊళ్ళో, రాదంటే తీపి పెట్టే చోటు ఒకటుందని, గోడవారన ముడుచుకు కూర్చున్న పిల్లలకి చూపించడానికి. ఇన్నాళ్ళూ ఈయనకి పిచ్చనుకున్నాను. ఆ క్షణాన సార్ మీద నాకు పట్టలేనంత ప్రేమ కలిగింది.

వెళ్ళబోతూ కిరీటి గుమ్మం దగ్గర ఆగాడు. “సార్, మీకేం రాదు?”

సార్ బుర్ర గోక్కున్నారు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది. వాడే సాయం చేశాడు. “ఈల వచ్చా?”

సార్ ఒకసారి నా వైపు చూశారు. పెదాలు సున్నా చుట్టి, బుగ్గలు పూరించి ఊదారు. గాలి వచ్చింది. మళ్ళీ ఊదారు. ఇంకాస్త గాలి, కొంచెం తుంపర వచ్చింది.

“రాదు బాబూ” అన్నారు తల దించుకుని.

రోజూ మెట్ల మీద నేను వింటున్న ఈల ఎవరిదో నాకు కాసేపు అర్థం కాలేదు. కిరీటి మాత్రం జాలిగా చప్పట్లు కొట్టి, దాచుకున్న నువ్వుండని నోటితో కొరికి సగం చేసి సార్ చేతిలో పెట్టాడు. “ఏం కాదు సార్, మెల్లగా వస్తుంది” అని భుజం తట్టడానికి ఎగిరాడు. అందక మోచేయి తట్టాడు.

వాళ్ళు మెట్లు దిగి రోడ్డు మలుపు తిరిగేదాకా సార్ కిటికీ దగ్గర నిలబడి, మోసం చేసి సంపాదించిన ఆ సగం నువ్వుండ నమిలారు. తర్వాత పామర్రు బస్సుకి వినపడకుండా చిన్నగా ఈల మొదలుపెట్టారు. నేను అలవాటుగా ఫోను సొరుగులో పడేశాను.