రాని రెండు మాటలు

మా మనవరాలు కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. ఒకరోజు తనలో తనే విసుక్కుంటుంటే ఏందమ్మా అని అడిగాను. సీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసి, సున్నాలూ ఒకట్లూ నిండిన పెద్ద బైనరీ ఫైల్లోంచి ఒక ముక్క మాత్రం మెమరీలోకి చదవాలట. ఎక్కణ్ణుంచి చదవాలో, ఎంత చదవాలో చెప్పాలి. చదివాక నిజంగా ఎంత వచ్చిందో లెక్క చూసుకోవాలి.

"చూసుకోకపోతే?"

"రాని చోట పాత చెత్త అట్టాగే ఉంటది తాతయ్యా. అదే నిజమనుకుని ముందుకు పోతాం."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ చెత్త సంగతి నాకు నాగార్జునసాగర్ కడుతున్న నాటి నుంచీ తెలుసు.

అప్పట్లో నేను మాచర్ల దారిలో ఒక చిన్న ఊరి తంతి ఆఫీసులో టెలిగ్రాంలు పంపే, అందుకునే సిగ్నలర్ని. ఒకే తీగ మీద పది ఆఫీసులు. ఎవరి టెలిగ్రాం వచ్చినా ఇత్తడి యంత్రం అందరి బల్లల మీదా కటకటమంటుంది. ఉన్నవి రెండే చప్పుళ్లు, పొట్టిదీ పొడుగుదీ. మన ఊరి గుర్తు వినపడ్డాకే పెన్సిల్ అందుకోవాలి. ముందు ఎన్ని మాటలున్నాయో చెబుతారు, ఆ తర్వాత మాటలు పంపుతారు. లెక్క తగ్గితే మీట నొక్కి "ఫలానా మాట తర్వాతవి మళ్లీ పంపండి" అని అడగాలి. అడిగిన ప్రతిసారీ ఆఫీసు పుస్తకంలో మన పేరు కింద ఒక గీత గీసుకోవాలి. అదొక్కటే అయితే పర్లేదు. ఆ అడగడం తీగ పొడుగునా అందరికీ వినపడేది. వెంటనే ఎవడో ఒకడు మీట మీద టకటకలాడించి నవ్వేవాడు.

నేనెప్పుడూ అడగలేదు. నాలుగేళ్లలో నా పేరు కింద ఒక్క గీత లేదు. అది నా గొప్ప.

అప్పుడొచ్చాడు గురజాల నుంచి మా ఆఫీసుకు రెండో సిగ్నలర్ ఒకతను. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను ఒక్కో అక్షరం వింటూ ఒక్కో అక్షరం రాసేవాణ్ణి. అతను పెన్సిలే పట్టేవాడు కాదు. యంత్రం మోగుతుంటే కిటికీ దగ్గరి రైతుతో మిరప తెగులు గురించి మాట్లాడుతూ, ఏడెనిమిది మాటలు తలలో పోగేసుకుని, ఒక్కసారిగా ముత్యాల్లాంటి దస్తూరీతో కాగితం మీద పెట్టేవాడు. నా కళ్లలో నిప్పులు పోసినట్టుండేది. శావల్యాపురం పుట్టింట్లో ఉండే మా ఆవిడ ఒకసారి వచ్చి చూసి, "ఆయన చానా తెలివైనోడు కదండీ" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇంతలో డ్యాం దగ్గర కొత్త తంతి ఆఫీసు పెడతారని, మా ఇద్దరిలో ఒకరికి అక్కడ పని, ఇల్లు ఇస్తారని తెలిసింది. ఇల్లుంటే మా ఆవిడా పసిబిడ్డా నా దగ్గరికి వస్తారు. అతనికి పెళ్లే కాలేదు, ఇల్లెందుకు? అయినా ఇస్తే అతనికే ఇస్తారని నా భయం.

ఒక మధ్యాహ్నం అతను మాటలు తలలో పోగేసుకుంటున్నాడు. కావాలనే అడిగాను. "తమ్ముడూ, మీ నాయనకు ఒంట్లో ఎట్టుంది?"

వాళ్ల నాయన మంచంలో ఉన్నాడని నాకు తెలుసు. అతను ఇటు తిరిగాడు, తలలో మాటలన్నీ ఎగిరిపోయాయి. నాకు చచ్చేంత సంతోషమేసింది. అతను మాత్రం నవ్వేసి, "పోయినయ్యన్నా" అని మీట నొక్కి మూడో మాట తర్వాతవి మళ్లీ అడిగాడు. తీగ మీద నవ్వారు. అతనూ మీట మీదే తిరిగి నవ్వాడు. టెలిగ్రాం పూర్తిగా రాసి, తన పేరు కింద గీత గీసి, "నాయనకు తగ్గిందన్నా. అడిగింది నువ్వొక్కడివే" అన్నాడు.

ఆ నెలలోనే, అతను భోజనానికి వెళ్లినప్పుడు, ఉరుముల మధ్య నేనో టెలిగ్రాం అందుకున్నాను. అది నూజెండ్ల మనిషి ఒకడికి, డ్యాంకి రాళ్లు కొట్టే క్వారీలో పని. తొమ్మిది మాటలన్నారు, నా కాగితం మీద ఏడే ఉన్నాయి. మొదట్లో తల్లికి జబ్బని ఉంది. చివరి రెండూ ఉరుముల గోలలో రాలేదు. అడిగితే నా పేరు కింద మొదటి గీత పడుతుంది, ఇల్లు గురజాల తమ్ముడికి పోతుంది. అట్లాంటి టెలిగ్రాంలు వందల్లో రాసిన చెయ్యి కదా, "స్టార్ట్ ఇమ్మీడియట్లీ", అంటే వెంటనే బయల్దేరమని, అదే రాసేసింది. ఆ మనిషి కబురంది వచ్చి, కాగితం చదివించుకుని, సుత్తి మా గుమ్మంలోనే వదిలేసి వానలో వెళ్లిపోయాడు.

తర్వాత ఇన్స్పెక్టర్ వచ్చి పుస్తకం తిరగేశాడు. తమ్ముడి పేరు కింద పేజీకి రెండు మూడు గీతలు. నా పేరు కింద ఖాళీ.

"నాలుగేళ్లు. ఉరుముల కాలంలో కూడా ఒక్క మాట పోలేదా నీకు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చొక్కా గుండీల మీదికి పోయింది.  మాట అందుకుంది తమ్ముడే. "మా అన్న చెవి అట్టాంటిది సార్."

ఇల్లు నాకే వచ్చింది. బస్సు మీదికి నా ట్రంకుపెట్టె ఎక్కించింది అతనే. నమ్మే ఆ మాట అన్నాడని నాకు తెలుసు. ఆ మంచితనం చూసి కూడా ఏడ్చాను.

కొత్త ఆఫీసులో మొదటి వారమే ఒక టెలిగ్రాంలో రెండు మాటలు రాలేదు. చాలాసేపు మీట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని, ఆఖరికి అడిగాను. పంపుతున్నది అతనే, మీట మీద ఆ చేతి తీరు నాకు తెలుసు. నవ్వలేదు. రెండు మాటలనూ నిదానంగా రెండుసార్లు పంపాడు. అడగడం, పంపడం అంతా కలిపి అర నిమిషం పట్టలేదు.

కిటికీ దగ్గరికి క్వారీ మనిషి ఎవరొచ్చినా ముఖం చూసేవాణ్ణి. ఆ సుత్తి కోసం పాత ఆఫీసుకు కూడా ఎవరూ రాలేదట. ఆ రాని రెండు మాటల్లో తల్లి కొడుకును రమ్మందో, రావద్దందో నాకు ఇప్పటికీ తెలీదు.