రేచుకుక్కల వాటా

జన్నారం అడవి అంచున పశువులు కాసే కొమురవ్వకు రేచుకుక్కల వేట కొట్టిన పిండి. కొన్ని దుప్పిని తరుముతాయి, మిగతావి వాగు దగ్గర కాపు కాస్తాయి. అందుకే ఆమె నేరుగా వాగుకే పోయి, కర్రతో వాటిని అదిలించి, పడిన దుప్పి తొడ ఒకటి మాత్రం కోసుకునేది.

ఆ ఏడు కొత్తల్లుడు హనుమండ్లు వెంట వచ్చి, దుప్పి మొత్తాన్ని భుజానికెత్తుకోబోయాడు.

"దించు. ఉరికింది నువ్వా?" అంది కొమురవ్వ.

తొడ కోసుకుని వాళ్లు పక్కకు జరగగానే కుక్కలు తిరిగొచ్చాయి. కూనలు తింటుంటే పెద్దవి చూస్తూ నిలబడ్డాయి.

"పెద్దయి తింటలేవేంది అత్తమ్మా?"

"గవి ముందుగాల పిల్లలకు పెడ్తయి. అల్లుళ్లకు పెట్టేది మనమే."