టెండరుకు కోసిన కంబళి

టెండరు అనే మాటను మా ఇంటికి తెచ్చింది నేనే. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తలో, పెనుకొండ సంతలో ఉన్ని అమ్మి వస్తుంటే ఎవరో చెప్పారు. హాస్టలు పిల్లలకు సర్కారు కంబళ్లు కొంటుందట, ఎవరైనా రేటు రాసి వేయవచ్చట. అప్పటికి నా మొగుడు పోయి, పుట్టింట్లో ఉన్ని వడుకుతూ బతుకుతున్నాను. నోరు తప్ప నాకు వేరే ఆస్తి లేదు. ఆ నోటితోనే నాయనకు చెప్పాను.

మాది గొర్రెలు కాసి కంబళ్లు నేసే ఇల్లు. ఊళ్ళో అలాంటివి ఇంకొన్ని ఉండేవి. హిందూపురం నుంచి మిల్లు కంబళ్లు సంతలకు దిగినప్పటి నుంచి మా సరుకు అడిగే దిక్కు లేదు. ఈ టెండరు వస్తే మగ్గాలు నిలుస్తాయి, రాకపోతే అందరూ కూలికి పోవాల్సిందే. నేసేవాళ్ళంతా నాయన మీదే ఆశ పెట్టుకున్నారు.

రేటు కాగితంతో పాటు నమూనాగా మూరెడు ముక్క కోసి, లక్క ముద్ర వేయించి ఇవ్వాలన్నారు. అక్కడొచ్చింది చిక్కు. మగ్గం మీంచి దించేటప్పుడు పడే కత్తి తప్ప, కంబళికి మళ్ళీ కత్తెర తగలనివ్వరు మావాళ్ళు. దేవుణ్ణి కూర్చోబెట్టేది దాని మీద, పెళ్ళికొడుకును కూర్చోబెట్టేది దాని మీద. కోస్తే ఇంటికి అరిష్టం. అందుకని నాయన నిండు కంబళినే మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. ముక్క అడిగినవాళ్ళకు మొత్తం ఇస్తే కాదంటారా అని ఆయన ధీమా. నాకూ అది సబబే అనిపించింది.

పెనుకొండలో ఆఫీసు వరండాలో రేట్లు పైకి చదివారు. అందరికన్నా తక్కువ మాదే. హిందూపురం షావుకారు ఒకాయన మొహం ముడుచుకున్నాడు. అంతలో గుమాస్తా నమూనా ముక్క ఏదని అడిగాడు. నాయన కంబళి విప్పి బల్ల మీద పరిచాడు. ఆ గుమాస్తా, పాపిష్టివాడు, దాన్ని చేత్తో నిమిరి కూడా చూశాడు. చూసి, ముక్క లేని టెండరు చెల్లదని మా కాగితం కొట్టేశాడు. రూలు అందరికీ ఒకటేనట. టెండరు షావుకారుకు ఖాయమైంది.

ఆయన సరఫరా చేసిన కంబళ్లను, మా అక్క కొడుకును చూడబోయినప్పుడు ధర్మవరం హాస్టల్లో చూశాను. సగానికి సగం నూలు. ఒక్క చలికాలానికే జల్లెడలయ్యాయి. నమూనాకు మాత్రం మంచి ముక్కే కోసి ఇచ్చి ఉంటాడు.

మరుసటి ఏడు మళ్ళీ టెండరు పిలిచారు. అప్పటికే కొందరు గొర్రెలు అమ్ముకున్నారు. ఒక పొద్దున నాయన పెట్టెలోంచి కత్తెర తీశాడు. వాళ్ళమ్మ, అంటే మా అవ్వ, గడపలో కూర్చుని చూస్తోంది.

"వద్దురా. మన చేత్తో మనమే కోసుకుంటామా?" అంది.

"కోయకుంటే తినేదెట్లమ్మా?" అన్నాడు నాయన.

కోశాడు. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు జివ్వుమంటాయి. అవ్వ లేచి పెరట్లోకి పోయింది, ఆ పూట సంగటి ముట్టలేదు.

ముక్కకు లక్క వేయించుకుని నాయనా నేనూ ఆఫీసుకు పోయాం. అదే గుమాస్తా. ముక్కను చేతిలోకి కూడా తీసుకోలేదు.

"ఈతూరి ముక్కలు అక్కర్లేదప్పా. రూలు మారిండాది. ఇంతకుముందు సర్కారుకు సరుకు ఇచ్చినోళ్లే టెండరు వెయ్యల్ల."

నాయన మెల్లగా అడిగాడు.

"మొదటి తూరి మీరు తీసుకోకపోతే, ఇచ్చినోళ్లం ఎప్పుడైతాము సామీ?"

గుమాస్తా మా వెనకున్న షావుకారును ముందుకు పిలిచాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. బంట్రోతు వచ్చి నా రెక్క పట్టుకుని మెట్లు దింపాడు. నాయన నా వెనకే వచ్చాడు.

ఇంటికొచ్చి మగ్గం విప్పేశాడు. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంతను తనే మట్టి మోసి పూడ్చాడు. మా తాత తవ్విన గుంత అది. గట్టిగా తొక్కి, "పేడతో అలుకమ్మా, ఈడ గుంత ఉన్నట్టు తెలియగూడదు" అన్నాడు. ఏడుపు రాలేదు నాకు, తిట్టుకుంటూ అలికాను. మర్నాడు ఆయన హిందూపురం బస్సెక్కాడు, ఆ షావుకారు గోడౌన్లో కంబళ్ల మూటలు మోయడానికి.