నేను మార్చి చెప్పిన మాట

ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెలో నేను ఇంగ్లీషు టీచర్ని. రెండేళ్ల క్రితం మా చర్చి వార్షికోత్సవానికి యూరప్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన ప్రసంగాన్ని తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు. ముందు వరుసలో మా పక్కింటి బాషా గారు, ఆయన భార్య మస్తాన్‌బీ గారు కూర్చున్నారు. వాళ్లని పిలిచింది నేనే. బాషా గారికి ఇంగ్లీషు బాగా వచ్చు, ఆవిడకి రాదు.

అంతా సాఫీగా సాగుతుండగా అతిథి నవ్వుతూ, "మా ఊళ్ళో ముస్లింలు మసీదు కట్టుకుంటామన్నారు. మేమంతా సంతకాలు పెట్టి అనుమతి రాకుండా ఆపించాం" అన్నారు.

 ముందు వరుసలో బాషా గారివైపు చూశాను. జనమంతా నావైపే చూస్తున్నారు.

"చెప్పండి టీచర్ గారూ" అన్నారు పాస్టరు గారు.

"వాళ్ల ఊళ్ళో మసీదు కోసం అందరూ సంతకాలు పెట్టి సాయం చేశారట" అనేశాను. చప్పట్లు మోగాయి. అతిథి పొంగిపోయారు.

భోజనాల దగ్గర బాషా గారు నా పక్కకి వచ్చారు. "మా ఆవిడ ఆయనకి దండం పెట్టి వస్తానంటోందండి, మసీదుకి సాయం చేశారని. ఏం చెప్పమంటారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి ఆవిడకి నేనే నిజం చెప్పాను.  ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అందరి ముందూ ఎంత కంగారు పడిపోయావో తల్లీ" అన్నారు.

అతిథికి మాత్రం ఒక్క మాటా చెప్పలేకపోయాను. ఆ రోజు నేను కాపాడాలనుకున్నది బాషా గారి దంపతుల మనసునా, మా పరువునా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.