భయపడని కాళ్ళు

నా భర్త నిప్పుల మీద నెమ్మదిగా నడవడం మొదలుపెట్టిన ఏడు నేను చప్పట్లు కొట్టాను.

మూఢనమ్మకాల మీద మేమిద్దరం ఊరూరా తిరిగి సభలు పెట్టేవాళ్ళం. నేను కోరుట్లలో బడి పంతులమ్మను, పత్రికలకు వ్యాసాలు రాసేదాన్ని. ఆయన సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన ఇంటివాడు. మా పెళ్ళికి పురోహితుణ్ణి పిలవలేదు. ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకుంటాం. సభలో నేను మాట్లాడేదాన్ని, ఆయన నడిచేవాడు. "ఉపాసం లేదు, మొక్కు లేదు, పొద్దుగాల రెండు కోడిగుడ్లు తిని వచ్చిండు. చూడుండ్రి!" అని నేను మైకులో అనగానే ప్యాంటు మడిచి గుండంలో దిగేవాడు. ఇందులో రహస్యమేమీ లేదు. బూడిద కమ్మిన బొగ్గు వేడిని మెల్లగా వదులుతుంది. అడుగు నిలవకుండా పోతే కాలు కాలదు. మొదట్లో ఆయన నాలుగు అంగల్లో దాటి అవతల పడేవాడు. తర్వాత ఏడు అంగలయ్యాయి. ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, అన్నం తిన్నాక వాకిట్లో తిరిగినట్టు తిరిగేవాడు.

అలవాటైపోయిందనుకున్నాను. భయం పోయిందనుకున్నాను. భయాన్ని పోగొట్టడమే కదా మా పని.

మొహర్రంలో పీరీల పండుగకు నిప్పుల గుండం పేర్చే ఒక ముసలాయన మా సభలకూ వచ్చి పేర్చేవాడు. చింత మొద్దులు ఎంతసేపు కాలాలో, బొగ్గు ఎంత పలుచగా పరవాలో ఆయనకు తెలిసినంత మాకు తెలియదు. "మీరు దేవుడు లేడనుకుంట నడువుండ్రి మేడం, నాకేం ఫికర్ లేదు. నిప్పు మాత్రం నాది," అనేవాడు. ఒకసారి రాయికల్‌లో సభ అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"భాయ్‌ని ఇంక నడిపియ్యకుండ్రి మేడం."

"ఎందుకు?"

"కాళ్ళకు భయం ఉండాలె. మనిషికి లేకున్న సరే, కాళ్ళకుండాలె. భాయ్ కాళ్ళు భయపడ్తలేవు."

నేను నవ్వాను. మర్నాడు ఆ మాటను ఒక వ్యాసంలో పెట్టి, కాళ్ళకు ప్రాణం వేరే ఉందనే నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందో రెండు పేరాలు రాశాను.

షుగర్ ఉందని జగిత్యాల డాక్టరు చెప్పి అప్పటికి నాలుగేళ్ళు. ముందు గోలీలు రాశాడు, తర్వాత ఇన్సులిన్ సూదులు. ఈయన ఒక్కటీ ముట్టలేదు.

"రుజువేది?" అనేవాడు. "నొప్పి లేదు, నీరసం లేదు. కాయితం మీద ఒక అంకె. కాయితం మీద ఉన్నదల్ల నమ్మకుండ్రి అని నువ్వే గదా పంతులమ్మా, ఊరంత చెప్తవు?"

"బాత్రూంల చీమలు చూసినవా? నువ్వు పోసినకాడ్నే గుంపైతున్నయి."

"చీమలు ఎప్పుడు డాక్టర్లయినయే?"

షుగర్ ఒంట్లో ఏం చేస్తుందో బొమ్మ గీసి మరీ వాదించాను. ప్రతి వాదంలోనూ గెలిచాను. ఆయన గొంతులో ఒక్క గోలీ దిగలేదు. చక్కెర డబ్బా దాస్తే చాయ్ హోటల్లో తాగి వచ్చాడు. జొన్నరొట్టె చేస్తే పక్కింటి పెళ్ళిలో లడ్డూలు తిని వచ్చి, ఎన్ని తిన్నాడో కూడా చెప్పాడు. కొన్నిసార్లు ఆయన చెప్పు ఒకటి గుమ్మం దగ్గర, రెండోది వీధి మలుపులో కనిపించేది. జారిపోయిన సంగతి తెలియకుండానే నడిచి వచ్చేవాడు. కుక్క ఎత్తుకపోయిందనేవాడు. నేనూ ఔననేదాన్ని.

ముసలాయన ఆ మాట అన్న ఏడే సిరిసిల్లలో మరిది సాంచాల షెడ్డుకు పోయాం. సాంచాలన్నీ ఒక్కసారి మోగుతుంటే అక్కడ మాట వినపడదు. పాతవాళ్ళు పాదంతో వింటారు. నేల అదురును బట్టి ఏ సాంచా లయ తప్పిందో చెప్తారు. ఆయన అందులో గట్టివాడు. చెప్పులు విడిచి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఒక సాంచాను చూపించాడు. మరిది పోయి చూసి, బాగానే ఉందని చెయ్యి ఊపాడు. ఆయన నా చెవి దగ్గరకు వంగాడు.

"నేల మీద దూది పరిచిండ్రా? మెత్తగున్నది."

అది పాత సిమెంటు నేలే.

తర్వాతి సభ రుద్రంగిలో. సాయంత్రం నాలుగైంది, ఎండ ఇంకా ఉంది. ముసలాయన వద్దంటూనే గుండం పేర్చాడు. ఈయన దిగి మూడో అడుగు వేస్తుండగా గుంపులోంచి ఎవరో అరిచారు.

"సారూ, కాలుతలేదా?"

ఆయన ఆగాడు. నిప్పుల నడుమ ఆగి, ఆ గొంతు వైపు తిరిగి, నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మీ అత్తగారింట్ల చాయ్ ఇంతకన్న వేడి ఉంటది తమ్మీ!"

అందరూ నవ్వారు. తర్వాత ఆ నవ్వు ముందు వరుస నుంచి వెనక్కి ఆగిపోతూ పోయింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, బస్సు కోసం నిలబడ్డట్టు. గాలి నా వైపు తిరిగింది. అందులో కట్టెల వాసన కానిది ఒకటి ఉంది. మోకాళ్ళ దాకా నాకు తెలిసిన మనిషే. కింద ఎవరివో కాళ్ళు.

"నడువ్ భాయ్! నిలవడకు!" ముసలాయన ఉరికొచ్చి రెక్క పట్టి లాగాడు.

"ఏమైందిరా బై?" అన్నాడు ఈయన చిరాగ్గా.

అప్పటికే ఒక అవ్వ ఆయన పాదాల ముందు కొబ్బరికాయ పెట్టింది. ఇంకొకామె పసుపు తెచ్చింది. పసిపిల్లలను ఎత్తుకుని తల్లులు వరుస కట్టారు. నేను మైకు అందుకున్నాను.

"ఇది మహిమ కాదు. ఈయనకు షుగర్ ఉన్నది. మందులు వాడలే. పాదాలకు స్పర్శ పోయింది. ఇది రోగం."

ఎవరూ కదల్లేదు. అవ్వ పక్కామెతో అంది: "పెండ్లానికేం ఎరుక? దేవుడు మీదికొచ్చినోళ్ళను ఇంట్లోళ్ళు ఎన్నడు నమ్మిండ్రు?"

ఆయన మాత్రం నా వైపు తిరిగి, "పదిమందిల ఇజ్జత్ తీసినవ్," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు బాబాలను అడిగిన ప్రశ్నల్లో ఒక్కటి కూడా నేను నా ఇంటి మనిషి పాదాలను అడగలేదు. ఏటేటా ఎందుకు నెమ్మదవుతున్నాడని అడగలేదు. నాకు కావలసిన ఫలితం వస్తోంది కాబట్టి పరీక్ష అక్కడితో ఆపేశాను. బాబాలు చేసేదీ అదే. నేను వాళ్ళను మోసగాళ్ళన్నాను.

ఆ సాయంత్రం ఎంత బతిమాలినా ఆస్పత్రికి రానన్నాడు. పాదాలకు మందు రాసి గుడ్డ కట్టాను. తెల్లారి లేచేసరికి ఆ గుడ్డలు మంచం కింద ఉన్నాయి, ఇంట్లో తడి అడుగులు ఉన్నాయి. మంచం నుంచి వంటింటికి, వంటింట్లోంచి ముందుగదికి, అన్నీ కుడి పాదానివే. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఎవలే, తానం చేసి ఇల్లంత తిరిగింది?" అన్నాడు.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేనింకా స్నానం చేయలేదు. దయ్యాలు లేవని ఇన్నేళ్ళు చెప్పినదాన్ని, ఆ అడుగులు ఎక్కడిదాకా పోయాయో చూడ్డానికి వెనకాడాను. అవి ఆయన కుర్చీ కింద ఆగాయి. కుడి పాదం బొబ్బలు చితికి కారిన నీళ్ళు అవి.

ఆ పాదం వాచి నల్లబడ్డాకే జగిత్యాల ఆస్పత్రికి వచ్చాడు. అక్కడ చివరి రెండు వేళ్ళు తీసేశారు. షుగర్ ఇట్లాగే ఉంటే పుండు మానదని, మోకాలి కింద దాకా తీయవలసి రావచ్చని డాక్టరు చెప్పాడు. "కాల్చింది నిప్పు. షుగర్ కాదు," అన్నాడు ఈయన, కిటికీలోంచి చూస్తూ. ఆస్పత్రిలో ఇన్సులిన్ సెలైన్‌తో పాటు ఇచ్చారు కాబట్టి ఊరుకున్నాడు. ఇంటికి వచ్చాక సూదుల డబ్బా ఫ్రిజ్‌లో కదలకుండా ఉంది.

వారం దాటినా పుండు ఆరలేదు. ఒక పొద్దున పట్టీ మార్చాను. ఆ రోజు వాదించలేదు.

"కండ్లు మూసుకో. నేను ముట్టినప్పుడు చెప్పు," అన్నాను.

మూసుకున్నాడు. "ఆఁ, మడమ మీద ముట్టినవ్."

నేను ముట్టలేదు.

"ఇప్పుడు బొటనవేలు. నీ చెయ్యి చల్లగున్నదే."

నా చేతులు రెండూ నా ఒళ్ళోనే ఉన్నాయి. అబద్ధమాడే గొంతు కాదది. పాడైన నరాలు లేనిపోని కబుర్లు మోసుకొస్తాయని నాకు తెలుసు. తెలిసి కూడా ఒకసారి గది మూలకు చూశాను.

"కండ్లు తెరువు."

తెరిచాడు. నా చేతులను చూశాడు, తన పాదాన్ని చూశాడు. "ఇంకోసారి," అని మళ్ళీ మూసుకున్నాడు.

ఈసారి నిజంగానే ముట్టాను. గిల్లాను, గోటి గుర్తు పడేలా. ఆయన ముఖం ఎత్తి ఎదురు చూస్తూ కూర్చున్నాడు.

"ఊఁ, మొదలువెట్టు," అన్నాడు.

నేను చెయ్యి తీసేశాను. ఆయనే కళ్ళు తెరిచి గోటి గుర్తును చూశాడు.

"ఆ సూది పొట్టల గదా ఇచ్చేది?"

"ఔ."

"ఆడ ఇంక తెలుస్తదా?"

"తెలుస్తది. జరంత నొప్పి లేస్తది."

"అయితే తే."

ఫ్రిజ్‌లోంచి డబ్బా తెచ్చాను. ఆయన బనీను పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. ఆస్పత్రిలో నేర్పినట్టే చర్మం పట్టి సూది దించాను, పది దాకా లెక్కపెట్టి తీశాను.

"తెలిసిందా?"

ఏ ప్రశ్నకైనా నా మాట పూర్తి కాకముందే జవాబు చెప్పే మనిషి, ఈసారి జవాబు చెప్పే ముందు, కళ్ళు తెరవకుండానే, సూది దిగిన చోటును వేలితో వెతుక్కున్నాడు.